బొద్దింక మంచిదా, చెడ్డదా?

సుజాతా,

పిల్లల వార్డులో పోస్టింగు పడిందని తెలిసి సంతోషించాను. బొద్దింకలు, చిట్టెలుకలు తిరిగే ఇళ్లలో పెరిగిన పిల్లలకు ఉబ్బసం తక్కువట, నిజమేనా అని అడిగావు. నిజమే. కానీ ఎవరిలో, ఏ వయసులో అన్నది తెలియకుండా ఆ మాట ఏ తల్లి దగ్గరా అనకు.

అది యురెకా అనే పరిశోధనలో తేలింది. 2005లో అమెరికాలోని బాల్టిమోర్, బోస్టన్, న్యూయార్క్, సెయింట్ లూయిస్ నగరాల పేదవాడల్లో మొదలుపెట్టారు. తల్లికో తండ్రికో ఉబ్బసమో అలర్జీయో ఉన్న బిడ్డలను పుట్టకముందే ఎంచుకుని ఏళ్ల తరబడి గమనించారు. ఇళ్లలో దుమ్మును వ్యాక్యూమ్‌తో పీల్చి, అందులో బొద్దింక, చిట్టెలుక, పిల్లి తాలూకు ప్రొటీన్లు ఎంతున్నాయో కొలిచారు. ఏడేళ్లకు లెక్కలోకి వచ్చిన 442 మందిలో 130 మందికి ఉబ్బసం ఉంది. మొదటి మూడేళ్లూ ఆ ప్రొటీన్లు ఎక్కువున్న ఇళ్లలో పెరిగినవాళ్లకు ఆ ముప్పు తక్కువ.

దీని పక్కన 1997లో వెలువడిన ఇంకో పరిశోధన పెట్టి చూడు. అదీ అమెరికా నగరాలదే. కాకపోతే వీళ్లు అప్పటికే ఉబ్బసం ఉన్న నాలుగు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలు. వాళ్లలో బొద్దింక పడనివాళ్లు, పడకగదిలో ఆ ప్రొటీన్ బాగా ఉంటే, మిగతావాళ్లకన్నా మూడు రెట్లకు పైగా ఆస్పత్రిపాలయ్యారు. అదే బొద్దింక!

తేడా బహుశా వయసులో ఉంది. నెలల బిడ్డ ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ దేన్ని ఎదిరించాలో, దేన్ని ఓర్చుకోవాలో అప్పుడప్పుడే తేల్చుకుంటూ ఉంటుంది. ఆ దశలో రకరకాల సూక్ష్మజీవులు పరిచయమైతే తర్వాత అయినదానికీ కానిదానికీ తిరగబడదని ఇప్పటి అవగాహన. అలర్జీ స్థిరపడ్డాక మాత్రం అదే దుమ్ము ఊపిరి గొట్టాలను వాచేలా చేస్తుంది. పైగా యురెకా ఇళ్ల దుమ్ములో బ్యాక్టీరియా కూడా ఉంది. మేలు చేసింది ఏదో విడదీసి చెప్పడం కష్టం. రెండూ కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమైపోదు తల్లీ, ఇది గట్టిగా పట్టుకో.

యురెకాలో నాకు అంతకన్నా విలువైనవి వేరే ఉన్నాయి. బొడ్డుతాడు రక్తంలో పొగాకు ఆనవాలైన కోటినిన్ కనిపించిన బిడ్డలకు ముప్పు ఎక్కువ. తల్లి ఒత్తిడితో, దిగులుతో ఉన్నచోటా ఎక్కువే. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చే కుటుంబాల్లో చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే నాయనమ్మలు నీకు కనిపిస్తారు. మనవణ్ణి ఒళ్లో పెట్టుకునేదీ వాళ్లే. ఇంట్లో ఎవరూ చుట్టా బీడీ ముట్టకపోయినా మంచం కింద దోమల కాయిల్ ఉంటుంది. ఒక్క కాయిల్ కాలితే వెలువడే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్ల నుంచి వచ్చేదానితో సమానమని 2003లో లెక్కగట్టారు. దోమతెర కట్టుకోమను.

బిడ్డ పిల్లికూతలతో, డొక్కలు ఎగరేస్తూ వస్తే ముందు నెబ్యులైజర్ పెట్టు. ఊపిరి కుదుటపడ్డాక ఇంటి సంగతులు అడుగు. బొద్దింకలున్నాయా అంటే పరువు పోతుందని లేవంటారు. రాత్రి వంటగదిలో లైటు వేస్తే ఏం కనిపిస్తాయో అడుగు, చెబుతారు. ఉబ్బసం ఉన్న ఇంట్లో వాటిని వదిలించాల్సిందే. స్ప్రే మాత్రం వద్దను, ఆ ఘాటుకే ఆయాసం రావచ్చు. జెల్ చుక్కలు పెట్టి, గిన్నెలు రాత్రే కడిగి, చెత్తబుట్టకు మూత వేసుకోమను.

తల్లిని కూడా అడుగు: నిద్ర పడుతోందా, ఆసరాగా ఎవరున్నారు అని. అత్తగారో భర్తో పక్కనుంటే బాగానే ఉన్నానంటుంది. వాళ్లను మందులు తెమ్మని పంపి అప్పుడు అడుగు.

ఇట్లు,
నీ అత్తయ్య