స్వీడన్‌లో పీహెచ్‌డీ: సీటు కాదు, కొలువు

స్వీడన్, నార్వేల్లో పీహెచ్‌డీ చాలావరకు ఉద్యోగమే. ట్యూషన్ ఫీజు ఉండదు. నెలనెలా జీతం వస్తుంది, దానిలోంచే పన్ను పోతుంది. ఉద్యోగమన్నాక ఖాళీ ఉండాలి, ప్రకటన పడాలి. అవేమీ చూడకుండా "రెస్పెక్టెడ్ సర్" అంటూ కనిపించిన ప్రొఫెసర్‌కల్లా ఒకే మెయిల్ కొట్టడం శుద్ధ దండగ.

ప్రకటనల కోసం కేటీహెచ్, లుండ్, ఉప్సాలా లాంటి యూనివర్సిటీల సొంత వెబ్‌సైట్లలో ఉద్యోగాల పేజీ చూడాలి. నార్వేకైతే జాబ్‌నోర్గె, యూరప్ మొత్తానికి యూరాక్సెస్ ఉన్నాయి. అలర్టులు పెట్టుకుంటే రోజూ వెతికే పని తప్పుతుంది.

తరువాత అర్హత. స్వీడన్ అడిగేది మాస్టర్స్ స్థాయి డిగ్రీ, లేదా 240 క్రెడిట్ల చదువు. ఆ 240లో కనీసం 60 మాస్టర్స్ స్థాయివి కావాలి. అక్కడి లెక్కలో ఏడాది చదువుకు 60 క్రెడిట్లు. మన ఎంటెక్, ఎమ్మెస్సీ వాళ్లకు సాధారణంగా ఇబ్బంది రాదు. బీటెక్‌తోనే వెళ్దామనుకునేవారికి కష్టం.

అసలు పని ప్రకటన చదవడంలో ఉంది. తప్పనిసరిగా ఉండాల్సినవి వేరు, ఉంటే మంచిదనేవి వేరు. రెంటినీ కాగితం మీద రెండు వరుసలుగా రాసుకుని, ఒక్కోదాని పక్కన మీ రుజువు రాయండి. మొదటి వరుసలో ఖాళీలు మిగిలితే ఆ ప్రకటన వదిలేయడమే మేలు. రెండో వరుసలో మిగిలితే ఫరవాలేదు, పంపండి.

ఆ కాగితమే మోటివేషన్ లెటర్‌కు ముడిసరుకు. "మీ ప్రఖ్యాత విశ్వవిద్యాలయంలో పరిశోధన చేయడం నా చిన్ననాటి కల" అని మొదలుపెడితే చదివేవాళ్లకు మీ గురించి ఏమీ తెలియదు. "ఎంటెక్ ప్రాజెక్టులో బ్యాటరీ ఉష్ణోగ్రతను అంచనా వేసే మోడల్ కట్టాను, చలిలో అది తప్పుతోంది. మీ ప్రాజెక్టు రెండో భాగం సరిగ్గా ఆ సమస్య మీదే" అని రాస్తే చాలు, మనిషి కనిపిస్తాడు. ఒకటి రెండు పేజీలు దాటొద్దు. ప్రతి ప్రకటనకూ కొత్తగా రాయాల్సిందే. అతికించిన లెటర్‌ను ఇట్టే పట్టేస్తారు.

సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కుల మెమో), ప్రొవిజనల్ సర్టిఫికెట్, ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) ముందే స్కాన్ చేసి ఉంచుకోండి. థీసిస్, రెఫరెన్సులిచ్చే ఇద్దరు మాస్టార్ల వివరాలూ అడుగుతారు. వాళ్లకు ముందే చెప్పి ఉంచాలి, లేకపోతే అక్కడి నుంచి ఫోనొచ్చినప్పుడు "ఏ బ్యాచ్ బాబూ?" అంటారు. దరఖాస్తు వాళ్ల పోర్టల్‌లోనే పెట్టాలి. గడువు స్వీడన్ టైమ్‌లో రాత్రి 23:59 అయితే మనకు వేసవిలో తెల్లవారుజామున 3:29, చలికాలంలో 4:29. ఆ ధీమాతో చివరి రాత్రిదాకా ఆగకండి. ఇంకో సంగతి: స్వీడన్ ప్రభుత్వ యూనివర్సిటీకి చేరిన దరఖాస్తు ప్రజాపత్రం, ఎవరైనా అడిగి చూడొచ్చు.

ఎంపికైతే ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. సాధారణంగా మీ థీసిస్ గురించి కాసేపు చెప్పమంటారు. ఏది పనిచేయలేదో కూడా చెప్పగలగాలి. మీరూ అడగండి: బోధన ఎంత? స్వీడన్‌లో పీహెచ్‌డీ నాలుగేళ్లు, 20 శాతం బోధన కలిస్తే అయిదు. నార్వేలో మూడు, లేదా బోధనతో నాలుగు.

ఫలితానికి నెలలు పట్టొచ్చు. జులైలో స్వీడన్ సగం సెలవులో ఉంటుంది, మెయిల్‌కు జవాబు ఆగస్టులో వచ్చినా ఆశ్చర్యం లేదు. ఈలోగా తరువాతి ప్రకటన తెరిచి, దానికి లెటర్ మొదలుపెట్టండి.