గాజు కిటికీ మీద పేరుంది, ఆ ఇంటివాళ్ళెవరు?

ఇంగ్లండు వెళ్ళినప్పుడు చర్చిల్లో రంగుల గాజు కిటికీల బొమ్మలు చూసి వచ్చేస్తాం. ఈసారి కిటికీ అడుగున చూడండి. ఎవరి జ్ఞాపకార్థం పెట్టారో ఆ పేరు, చాలాసార్లు చనిపోయిన తేదీ, చిన్న అక్షరాల్లో అక్కడే ఉంటాయి. లాటిన్‌లో ఉన్నా సరే, అక్షరం పొల్లుపోకుండా రాసుకోండి, ఫొటో తీసుకోండి.

తర్వాత బొమ్మల్ని చదవండి. ఆక్స్‌ఫర్డ్ క్రైస్ట్ చర్చ్ కెథడ్రల్‌లో వైనర్ కిటికీ ఉంది. 1872-73లో చిత్రకారుడు బర్న్-జోన్స్ గీస్తే మోరిస్ సంస్థ తయారుచేసింది. సమూయేలు, దావీదు, యోహాను, తిమోతి: నలుగురూ లేత వయసువాళ్ళే. పోయింది కుర్రవాడని బొమ్మలే చెబుతున్నాయి. ఫ్రెడరిక్ వైనర్‌కి పాతికేళ్ళు నిండలేదు. ఆ కెథడ్రల్ ఉన్న క్రైస్ట్ చర్చ్ కాలేజీ విద్యార్థే. 1870 ఏప్రిల్‌లో మారథాన్ అనే చోటు చూసి ఏథెన్స్‌కి తిరిగి వస్తుంటే బందిపోట్లు ఎత్తుకుపోయారు, పది రోజులకు దిలెస్సి దగ్గర చంపేశారు. ఇలాంటి మరణమైతే పాత పత్రికలే ముందు తిరగేయాలి.

మామూలు మరణమైతే రిజిస్టర్లు చాలు. ఇంగ్లండు, వేల్స్‌లలో జనన మరణాల నమోదు 1837 జులై 1న మొదలైంది. 1858 నుంచి వీలునామాల సూచీ కూడా దొరుకుతుంది. ఆస్తి ఎవరికి చేరిందో తెలిస్తే దగ్గరివాళ్ళు తెలిసినట్టే.

ఆపైన జనగణన. 1851 నుంచి ఇంటి యజమానికి ఎవరు ఏమవుతారో, ఏ ఊళ్ళో పుట్టారో రాశారు. 1841 లెక్కలో మాత్రం పెద్దవాళ్ళ వయసులు ఐదేళ్ళకు కుదించి వేశారు కాబట్టి పుట్టిన సంవత్సరం దాన్నిబట్టి తేల్చకండి. 1837 కంటే వెనక్కి వెళ్ళాలంటే చర్చి బాప్తిస్మ రిజిస్టర్లే దిక్కు. అవి 1538లో మొదలయ్యాయి. ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైట్‌లో చాలావాటిని డబ్బు కట్టకుండానే చూడొచ్చు. ఇతరులు పెట్టిన వంశవృక్షాన్ని మాత్రం అసలు రిజిస్టరుతో పోల్చుకోకుండా దించుకోవద్దు. ఒకే పేరున్న ఇద్దరిని ఒకరిగా కలిపేసినవి చాలా ఉంటాయి.

చాలామంది తండ్రి, తాత అంటూ ఇంటిపేరు వెంటే పోయి అక్కడితో ఆగిపోతారు. తల్లి పుట్టింటిపేరు తప్పకుండా పట్టుకోండి. అది పెళ్ళి రిజిస్టరులోనో, పిల్లల జనన ధ్రువపత్రంలోనో ఉంటుంది. ఫ్రెడరిక్ తల్లి లేడీ మేరీ. కొడుకు జ్ఞాపకంగా యార్క్‌షైర్‌లోని స్కెల్టన్‌లో ఏకంగా ఒక చర్చి కట్టించిందామె. ఆమె పుట్టింటిపేరు రాబిన్సన్. ఫ్రెడరిక్ అక్క హెన్రియెటా భర్త పేరు జార్జి రాబిన్సన్. ఇంటిపేర్లు ఇలా కలిస్తే పొరపాటేమో అనుకొని కొట్టేయకండి, ఒక తరం పైకి వెళ్ళి చూడండి. లేడీ మేరీ తండ్రీ, జార్జి తండ్రీ అన్నదమ్ములు. అంటే లేడీ మేరీ జార్జికి పెదనాన్న కూతురు, వరసకు అక్క. ఆమె కూతుర్నే అతను చేసుకున్నాడు. అక్క కూతుర్ని చేసుకోవడం మనకు వివరించనక్కర్లేని వరస.

ఆ జార్జి రాబిన్సనే 1880 నుంచి 1884 దాకా మన దేశానికి వైస్రాయి. చెన్నైలోని రిప్పన్ బిల్డింగ్‌కి పేరిచ్చిన రిప్పన్ ప్రభువు ఆయనే.