రంజీలో తొలి సెంచరీ వీరుడు - 'రెయిన్‌బో' హాదీ



టెస్టు క్రికెట్‌లో భారతదేశం తరఫున మొదటి సెంచరీ ఎవరిది అని క్విజ్‌లో అడిగితే, లాలా అమర్‌నాథ్, 1933 అని మనవాళ్లు టక్కున చెబుతారు. మరి రంజీ ట్రోఫీలో మొదటి సెంచరీ ఎవరిది? ఇక్కడ చాలామంది ఆగిపోతారు. జవాబు సయ్యద్ మహ్మద్ హాదీ. ఆ సెంచరీ నమోదైంది బొంబాయిలోనో కలకత్తాలోనో కాదు. మన బొల్లారానికి అట్టే దూరంలో లేని సికింద్రాబాద్ జింఖానా మైదానంలో!

బాల్యం, చదువు

హాదీ 1899 ఆగస్టు 12న హైదరాబాద్‌లో జన్మించారు. పసితనంలోనే తండ్రిని కోల్పోయారు. ఆ పిల్లవాడిని పాయిగా నవాబుల కుటుంబం చేరదీసింది. అక్కడే గుర్రపు స్వారీ, పోలో నేర్చుకున్నారు. నిజాం కాలేజీలో చదివి, తర్వాత ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి వెళ్లారు.

ఏడు ఆటల మనిషి

క్రికెట్, టెన్నిస్, హాకీ, ఫుట్‌బాల్, టేబుల్ టెన్నిస్, చదరంగం, పోలో - ఈ ఏడింటిలోనూ ఆయన దిట్ట. ఇంద్రధనుస్సులో ఏడు రంగులు ఉంటాయి కనుక 'రెయిన్‌బో హాదీ' అని పేరు వచ్చింది. 1924లో పారిస్ ఒలింపిక్స్‌లో భారతదేశం తరఫున టెన్నిస్ ఆడారు. డేవిస్ కప్‌లోనూ మన దేశానికి ప్రాతినిధ్యం వహించారు.

జింఖానాలో ఆ ఇన్నింగ్స్

లష్కర్ అని మన పెద్దలు పిలిచే సికింద్రాబాద్, బొల్లారం, తిరుమలగిరి ప్రాంతాలు ఆంగ్లేయుల సైనిక స్థావరాలు. దండు ఉన్నచోట ఆటస్థలాలూ ఉండేవి. 1930-31లో నవాబ్ మొయినుద్దౌలా పేరిట గోల్డ్ కప్ పోటీలు మొదలయ్యాక జింఖానాకు పేరుమోసిన ఆటగాళ్లు రాసాగారు. వెస్టిండీస్ వీరుడు లియరీ కాన్‌స్టంటైన్ కూడా ఆ పోటీల్లో ఆడారు.

1934-35లో రంజీ ట్రోఫీ ఆరంభమైంది. ఆ తొలి సీజన్‌లోనే మద్రాసు జట్టుపై హైదరాబాద్ తరఫున హాదీ 132 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచారు. అప్పటికి ఆయన వయసు 35 ఏళ్లు. ఈ రోజుల్లో చాలామంది రిటైర్మెంట్ గురించి ఆలోచించే వయసు అది!

టెస్టు ఆడకుండానే...

భారతదేశం మొదటి టెస్టు ఆడింది 1932లో. అప్పటికే హాదీకి 32 ఏళ్లు దాటాయి. 1936లో విజయనగరం మహారాజకుమార్ (విజ్జీ) కెప్టెన్‌గా ఇంగ్లండ్ వెళ్లిన జట్టులో హాదీకి చోటు దొరికింది. కానీ అక్కడ జరిగిన మూడు టెస్టుల్లో ఒక్కదానిలోనూ ఆడే అవకాశం రాలేదు. టెస్టు ఆడినవారి పేర్లే రికార్డు పుస్తకాల్లో ముందుంటాయి. అందుకే హాదీ పేరు మరుగున పడింది.

అయినా హైదరాబాద్ క్రికెట్ ఆగలేదు. 1937-38 రంజీ ఫైనల్‌లో అంతకుముందు ఏటి విజేత నవానగర్‌ను ఒక్క వికెట్ తేడాతో ఓడించి మన జట్టు కప్పు గెలిచింది. ఆ మ్యాచ్‌లో ఐబరా 137 పరుగులతో అజేయంగా నిలిచారు. రెండో కప్పు మళ్లీ 1986-87లోనే వచ్చింది. హాదీ 1971లో కన్నుమూశారు.

మనం ఏం నేర్చుకోవాలి?

హాదీ ప్రతిభావంతుడే. కానీ తండ్రి లేని ఆ పిల్లవాడికి ఒక నీడ దొరికింది, బ్యాటు దొరికింది, మైదానం దొరికింది. ఇవి లేకపోతే ఆ ప్రతిభ ఎవరికి తెలిసేది? అదే కాలంలో బొంబాయిలో దళిత కుటుంబానికి చెందిన పల్వంకర్ బాలూను చూడండి. 1911 ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీసిన బౌలర్ ఆయన. అయినా కులం కారణంగా హిందువుల జట్టుకు కెప్టెన్ కాలేకపోయారు. చివరకు ఆయన తమ్ముడు విఠల్ 1923లో ఆ పదవి సాధించారు. ఆట ఎంత బాగా ఆడినా, తలుపు తెరిచేవారు లేకపోతే బయటే నిలబడవలసి వస్తుంది.

హాదీకి నవాబు ఇల్లు నీడ అయింది. మనకు ఈ హాస్టల్ నీడ. తేడా ఒకటుంది. అది ఒకరి దయ. ఇది మన హక్కు. కనుక ఆటల పీరియడ్‌ను చదువుకు అడ్డు అనుకోవద్దు. బాగా స్థిరపడిన పూర్వ విద్యార్థులు తలా ఒక బ్యాటో, బంతో, వాలీబాల్ నెట్టో హాస్టల్‌కు ఇస్తే, ఏ తమ్ముడిలో ఏ హాదీ దాగి ఉన్నాడో బయటపడుతుంది.

జవాబులు చెప్పండి

1. హాదీకి 'రెయిన్‌బో' అనే పేరు ఎందుకు వచ్చింది?
2. రంజీలో తొలి సెంచరీ ఏ జట్టుపై, ఏ మైదానంలో నమోదైంది?
3. హాదీ, బాలూ జీవితాల్లో మీరు గమనించిన తేడా ఏమిటి?
4. మీ హాస్టల్‌లో ఆటలకు ఇప్పుడు ఏమేమి ఉన్నాయి, ఏమేమి కావాలి? జాబితా రాసి వార్డెన్ గారికి ఇవ్వండి.