బ్యాక్టీరియా షరతు, బ్యాక్టీరియా జ్ఞాపకం

నర్సింహులపేటలో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. బయోటెక్నాలజీ చదవబోయే పిల్లలు ఇప్పటికీ ఇంటికొచ్చి అడుగుతుంటారు, "సార్, బ్యాక్టీరియాకు లాజిక్ నేర్పడమేంటి?" అని. వాళ్ల కోసమే రాస్తున్నాను.

1. ముందు మన పత్తి చేను చూడండి. బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. అందులో ఉన్నది నేలలోని బ్యాక్టీరియా నుంచి తెచ్చిన జన్యువు. పురుగు ఉన్నా లేకున్నా మొక్కలో విషపు ప్రోటీన్ తయారవుతూనే ఉంటుంది. ఆటో స్టార్టర్ పెట్టిన మోటారు కరెంటు రాగానే నడుస్తుంది తప్ప మడి నిండిందా అని చూడదు కదా, ఇదీ అంతే. సీజన్ పొడుగునా ఆ విషాన్ని తట్టుకున్న గులాబీ రంగు పురుగులే మిగిలాయి, వాటి సంతానమే పెరిగింది. 450 గ్రాముల బీటీ విత్తనం ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల మామూలు పత్తి విత్తనం ఇచ్చేవారు. చేను చుట్టూ అది వేస్తే విషం ఎరుగని పురుగులు బతికి, తట్టుకున్నవాటితో జతకట్టేవి, ముప్పు వెనక్కు జరిగేది. ఆ చిన్న ప్యాకెట్‌ను చాలామంది పక్కన పడేశారు. షరతు లేని జన్యువుకు కాపలా మనిషే కాయాలని అప్పుడు అర్థమైంది.

2. షరతు ప్రకృతిలో ఎప్పటినుంచో ఉంది. పేగుల్లోని ఈ-కోలై, లాక్టోజ్ ఉండి గ్లూకోజ్ లేనప్పుడే పాల చక్కెరను అరిగించే ఎంజైములను దండిగా చేస్తుంది. ఆ జన్యువుల తాళం ఎలా పనిచేస్తుందో 1961లో పారిస్‌లో జాకబ్, మోనో వివరించారు. పుస్తకంలో ఈ అధ్యాయం దాటెయ్యకండి బిడ్డా, మిగతాదంతా దీని మీదే నిలబడింది.

3. అలాంటి షరతును మనిషి కూడా కట్టొచ్చు. 2013లో స్టాన్‌ఫర్డ్‌లో జెరోమ్ బోనే, డ్రూ ఎండీ బృందం పచ్చగా మెరిపించే జన్యువుకు ముందు రెండు డీఎన్ఏ అడ్డుకట్టలు పెట్టింది. ఒక్కో సంకేతానికి ఒక్కో ఎంజైము పుట్టి, తన అడ్డుకట్టను కోసి తిరగేసి అతికిస్తుంది. రెండూ తిరగబడితేనే కణం పచ్చగా మెరుస్తుంది. 'రెండు సంకేతాలూ వస్తేనే' అన్న ఈ షరతే లాజిక్.

4. లాక్టోజ్ అయిపోతే ఈ-కోలై ఆ ఎంజైములు చేయడం ఆపేస్తుంది. తిరగబడ్డ డీఎన్ఏ మాత్రం అలాగే ఉండిపోతుంది, కణం చీలినప్పుడు పిల్లకణాలకూ అదే వెళ్తుంది. బ్యాక్టీరియా జ్ఞాపకం అంటే ఇదే. అదే ఏడాది ఎంఐటీలో తిమోతీ లూ బృందం ఇలాంటి ఎంజైములతోనే రెండు సంకేతాలతో కుదిరే 16 లాజిక్కులనూ కట్టింది. జ్ఞాపకం కనీసం 90 తరాలు నిలిచింది. నాకు బాగా నచ్చింది మాత్రం 2014లో హార్వర్డ్‌లో పమేలా సిల్వర్ బృందం చేసిన పని. అక్కడ డీఎన్ఏ తిరగబడదు. లాంబ్డా వైరస్ నుంచి తెచ్చిన రెండు ప్రోటీన్లు ఒకదాన్నొకటి అణచిపెడతాయి, గెలిచినదే కొనసాగుతుంది. ఎలుక పేగుల్లో ఈ బ్యాక్టీరియాను ఉంచి, ఎలుకకు మందు పట్టించి, ఆపేశారు. ఆ తర్వాత పెంటికల్లోని బ్యాక్టీరియాను పెంచి చూస్తే, మందు తగిలిన సంగతి వాటిలో ఇంకా నమోదై ఉంది.

5. కొత్త సర్క్యూట్ కణానికి బరువు. మంచి తిండి దొరికితే ఈ-కోలై ఇరవై నిమిషాలకోసారి రెండవుతుంది. సర్క్యూట్ చెడిన కణం బరువు దిగి వేగంగా పెరుగుతుంది, చివరికి దాని సంతానమే నిండిపోతుంది. ప్రయోగశాల బయటికి వదిలే బ్యాక్టీరియా కోసం 2016లో జేమ్స్ కాలిన్స్ బృందం ఒక ఏర్పాటు చేసింది. ఒక రసాయనం అందినంతసేపే ఆ బ్యాక్టీరియా బతుకుతుంది, అందకపోతే తన విషంతో తానే చస్తుంది. ఇలాంటిది ఎవరైనా మన పొలాల్లోకి తెస్తే, కోటి కణాల్లో చావకుండా ఎన్ని మిగులుతాయో అడగండి. వంద తరాల తర్వాత కూడా లెక్కపెట్టారా అని అడగండి. జవాబు కాగితం మీద తీసుకోండి.