భూమి చప్పుడు వినే పని

అన్నవరంలో రత్నగిరి కొండకు దగ్గరలో ఒక అక్క ఉంది. ఆమె రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. ఆమె తమ్ముడికి చదువు రాదు. దీపావళి వెళ్ళాక అతను కోనసీమకు కూలి పనికి పోయాడు. సంక్రాంతికి ఇంటికి వచ్చాడు.

"ఏరా, కాళ్ళు ఇలా అయిపోయాయేంటి?" అంది అక్క.

అతని కాలివేళ్ళ సందులు తెల్లగా నానిపోయి ఉన్నాయి. అక్కడక్కడ పుండ్లు కూడా పడ్డాయి.

"రోజంతా నీళ్ళలోనే పనక్కా. దాళ్వాకి చేలల్లో నీళ్ళు పెట్టేశారు. మోకాలి లోతు బురద. భుజం మీద కేబులు చుట్ట."

"అంత బురదలో ఏం పనిరా?"

"సర్వే పని. భూమి కింద గ్యాసు ఎక్కడ ఉంటుందో వెతికే పని."

సర్వే ఎలా చేస్తారు?

పనసకాయను మనం తట్టి చూస్తాం. ముదురు కాయ చప్పుడు వేరు. లేత కాయ చప్పుడు వేరు. కోయకుండానే లోపల ఎలా ఉందో తెలుసుకుంటాం. సర్వే వాళ్ళు భూమిని అలాగే తట్టి చూస్తారు.

ముందు చేలమీదుగా తిన్నగా గీత గీసినట్టు మేకులు పాతుతారు. ఆ వరసలో గొట్టాలు దించి సన్నని బోర్లు వేస్తారు. అడుగున పేలుడు మందు పెడతారు. పైన నేలలో జియోఫోన్లు గుచ్చుతారు. జియోఫోన్ అంటే నేల అదురును పట్టే చిన్న పరికరం. దాని కింద మేకు ఉంటుంది. వీటన్నిటినీ కేబులుతో కలుపుతారు.

తర్వాత మందు పేలుస్తారు. ఆ అదురు భూమి లోపలికి పోతుంది. కింద ఇసుక, బంకమట్టి, రాయి పొరలు పొరలుగా ఉంటాయి. ఒక్కో పొరకు తగిలి కొంత అదురు వెనక్కి వస్తుంది. జియోఫోన్లు దాన్ని పట్టుకుంటాయి. బండిలోని యంత్రం రాసుకుంటుంది. ఎంతసేపటికి తిరిగి వచ్చిందో చూసి పొర ఎంత లోతున ఉందో లెక్క కడతారు.

"మందు పేల్చేటప్పుడు ఎవరూ కదలకూడదక్కా. మనిషి నడిచినా జియోఫోన్ పట్టేస్తుంది. కేబులు అతుకుల్లోకి నీళ్ళు పోతే మళ్ళీ మొదటికే" అన్నాడు తమ్ముడు.

"మరి గ్యాసు ఉందని తెలిసిపోతుందా?"

తెలియదు. ఉండదగిన చోటు మాత్రమే తెలుస్తుంది. ఉందో లేదో బావి తవ్వితేనే తేలుతుంది.

కోనసీమలోనే ఎందుకు?

అన్నవరం దగ్గర కొండలు, రాతి నేల. కోనసీమ నేల గోదావరి తెచ్చిన ఒండ్రు. లక్షల ఏళ్ళుగా పొర మీద పొర పడింది. గ్యాసు, చమురు ఇలాంటి పొరల అడుగున చిక్కుకుని ఉంటాయి.

1956లో చమురు, సహజవాయువుల కమిషన్ ఏర్పడింది. దాన్నే ఓ.ఎన్.జి.సి. అంటారు. 1970ల చివర్లో నరసాపురం దగ్గర బావి తవ్వారు. 1980లలో రాజోలు దగ్గర గ్యాసు దొరికింది.

మేలుతోపాటు కీడూ జరిగింది. 1995 జనవరి 8న పాశర్లపూడిలో బావి అంటుకుంది. ఆ మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాసు గొట్టం పేలింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. ఒకటి బావి ప్రమాదం, ఒకటి గొట్టం ప్రమాదం. సర్వే వేరు. కానీ సర్వేలోనూ పేలుడు మందు ఉంది. అందుకే జాగ్రత్త కావాలి.

చీటీలో ఏముంది?

తమ్ముడు జేబులోంచి కూలి చీటీ తీశాడు. అక్క కూడబలుక్కుని చదివింది. "డిసెంబరు నెల. పని దినాలు 21" అని ఉంది.

అక్క అతనికి పంపేటప్పుడు ఒక చిన్న పుస్తకం ఇచ్చింది. పని ఉన్న రోజు గీత పెట్టమంది. పని లేని రోజు సున్నా పెట్టమంది. ఇప్పుడు ఆ పుస్తకం తెరిచింది. గీతలు 26. సున్నాలు 5. మొత్తం 31. నెల సరిపోయింది.

26లో 21 తీస్తే 5. ఐదు రోజుల కూలి రాలేదు!

పండగ వెళ్ళాక అక్క కూడా తమ్ముడితో బస్సెక్కింది.

"ఆ ఐదు రోజులూ వాన కదమ్మా" అన్నాడు మేస్త్రీ.

"వాన రోజులకు సున్నాలు పెట్టాడండి. అవి వేరే ఉన్నాయి. చూడండి" అంది అక్క.

"చీటీ మీద వేలిముద్ర వేశాడు కదా?"

"వేశాడండి. చదివి వెయ్యలేదు. మీ హాజరు పుస్తకం కూడా తీయండి. కలిపి చూద్దాం."

హాజరు పుస్తకం తీశారు. అందులోనూ 26 రోజులే ఉన్నాయి. ఐదు రోజుల కూలి చేతికి వచ్చింది.

ఆ సాయంత్రం బస్సు ఎక్కించడానికి వచ్చి తమ్ముడు అడిగాడు. "అక్కా, నా పేరు ఎలా రాస్తారు?"

గుర్తుంచుకోండి

1. చదవని కాగితం మీద సంతకం చేయవద్దు. వేలిముద్ర వేయవద్దు.

2. పనిచేసిన రోజులు మీరూ రాసుకోండి.

3. పనిలో దెబ్బ తగిలితే పరిహారం ఇవ్వాలని 1923లోనే చట్టం వచ్చింది. తర్వాత చట్టాలు మారాయి. ఆ హక్కు పోలేదు.

4. సర్వే వల్ల పంట పాడైతే నష్టపరిహారం అడగండి. పొలం కౌలుదైతే, పంట వేసింది ఎవరో కాగితంలో రాయించండి.

5. చేలో వైర్లు కనబడితే లాగవద్దు. పిల్లలను ముట్టనివ్వవద్దు. సర్వే వాళ్ళకు చెప్పండి.

6. ఉరుములు వినబడితే పేలుడు మందు పని ఆపాలి. పిడుగు వల్ల మందు పేలవచ్చు.

7. నీళ్ళలో పని అయ్యాక కాళ్ళు మంచినీళ్ళతో కడిగి, వేళ్ళ సందులు పొడిగా తుడుచుకోవాలి.

చెప్పండి

1. జియోఫోన్ ఏం చేస్తుంది?

2. తమ్ముడి పుస్తకంలో సున్నాలు లేకపోతే ఏమయ్యేది?

3. మీ ఇంట్లో కూలి లెక్క ఎవరు రాస్తున్నారు?

రాయండి

జియోఫోన్, కేబులు, ఒండ్రు, హాజరు, పరిహారం.