విత్తనములను మోయు జీవులు

విత్తువాని ఉపమానము చదువునప్పుడు, త్రోవప్రక్కన పడిన విత్తనములను పక్షులు మ్రింగివేసిన మాట మనకు బాగుగా జ్ఞాపకముండును. అవి ధాన్యపు గింజలు. పిచ్చుక పొట్టలో పడిన జొన్నగింజ నలిగిపోవును, తిరిగి మొలవదు. అయితే పక్షి తిన్న ప్రతి గింజకును ఇదే గతి యని తలంచరాదు. మఱ్ఱి, రావి, మేడి పండ్లను తిను పక్షులు గుజ్జును జీర్ణించుకొని గింజను రెట్టతో విడుచును. తాటిమట్టల నడుమ మఱ్ఱి మొలచుటయు, మన దేవాలయపు గోడ పగులులో రావి మొలచుటయు ఇందువలననే. గోడలోని మొక్కను రెండాకుల నాడే పెరికివేయుడి. వేరు ముదిరినచో గోడ నిలువదు.

మామిడికొమ్మను పట్టు బదనిక మరియొక వింత. దాని గింజచుట్టు జిగురుండును. ఒక చిన్నపిట్ట ఆ పండు తిని, వెలుపలికి వచ్చు జిగురుగింజను కొమ్మకు రాచి వదలించుకొనును. గింజ అక్కడనే అంటుకొని మొలచి, చెట్టు రసమును పీల్చును.

ఆముదపు గింజ కొనయందు చిన్న బుడిపె యున్నది గదా! అది చీమలకు ఆహారము. అవి గింజను పుట్టయొద్దకు ఈడ్చుకొనిపోయి, బుడిపెను తిని, గట్టి గింజను విడిచిపెట్టును. పల్లేరు, ఉత్తరేణి యైతే ఎవరికిని కూలి యియ్యవు. ఒకటి అరికాలిలో గ్రుచ్చుకొని, ఒకటి పంచెకంటుకొని ఊరూరు తిరుగును.

ఇక మన గ్రామములకు నిజముగా చిక్కు తెచ్చినది సర్కారు తుమ్మ. ఇది మన దేశపు చెట్టు కాదు. 1877లో జమైకా దీవినుండి వచ్చిన గింజలతో కడప జిల్లా కమలాపురమున దీనిని నాటిరి. దీని కాయ తియ్యనిది. మేకలు, పశువులు ఆశగా తినును. గింజ పెంకు గట్టిదగుటచే అనేక గింజలు నలుగక పేడతో బయటపడును. కడుపులో నాని పెంకు మెత్తబడియుండును, పేడ ఎరువగును. వాన పడిన వెంటనే మొలచును. చెరువులును బీళ్లును ముండ్లతో నిండుట ఇట్లే.

దీనినిబట్టి కొన్నిచోట్ల రైతులు మేకల కాపరులతో జగడమాడుచున్నారు. వేసవిలో వేరే మేపు లేని కాపరిని నిందించుట మనకు న్యాయముగా తోచదు. కాయలను ఏరి యెండబెట్టి, గింజ నలుగునట్లు పిండి చేసి, ఇతర మేతలో కొంచెముగా కలిపి పెట్టవచ్చును. కాయలే విశేషముగా మేసిన పశువునకు దవడ జబ్బు కలుగును గనుక కొలత మీరరాదు. కాయలు మేసిన మందను వెంటనే పొలములో కట్టక, కొన్ని దినములు బీడులోనే ఉంచవలెను. పొలములో మొక్క కనబడినచో వేరుతోకూడ పెరుకుడి. పైన నరికినయెడల మొదటినుండి మరల చిగుర్చును.