పర్ణశాల నుంచి అమెరికాకు: భార్యాభర్తల వలస వీసా, దానికి కావలసిన పత్రాలు

అమెరికాలో ఉద్యోగం చేస్తున్న తెలుగు వరుడిని పెళ్లాడిన యువతి చాలాసార్లు హెచ్-4 వీసాపై వెళుతుంది. అది భర్త హెచ్-1బీ ఉద్యోగాన్ని అంటిపెట్టుకుని ఉండే తాత్కాలిక అనుమతి కనుక, దాని వ్యవహారం హైదరాబాద్‌లోని అమెరికన్ కాన్సులేట్‌లోనే ముగిసిపోతుంది. భర్త లేదా భార్య అమెరికా పౌరులైనా, గ్రీన్‌కార్డు అనే శాశ్వత నివాస హక్కు పొందినవారైనా మార్గం మారుతుంది. అప్పుడు అడగవలసింది వలస వీసా, అంటే ఆ దేశంలో అడుగుపెట్టిన రోజు నుంచే మనిషిని శాశ్వత నివాసిగా పరిగణించే వీసా. హైదరాబాద్‌లో 2008 నుంచి కాన్సులేట్ ఉన్నప్పటికీ ఈ వీసా ఇంటర్వ్యూకు తెలంగాణవారు సాధారణంగా ముంబయికే వెళ్లవలసి ఉంటుంది.

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా దుమ్ముగూడెం మండలంలోని పర్ణశాల వంటి గోదావరి ఒడ్డు గ్రామం నుంచి బయలుదేరేవారికి ఈ క్రమంలో చిక్కులు ఎదురయ్యేది అమెరికా వైపు కంటే ఇంటి వైపే ఎక్కువ. అక్కడి దశలు నిదానంగా నడిచినా వరుస తప్పవు. ఇక్కడ పెళ్లి, పుట్టుక, పేరు అనే మూడు సంగతులను కాగితం మీద ఒకే రీతిగా నిలబెట్టడమే అసలు పని.

మొదటి అడుగు అమెరికాలో ఉన్న భాగస్వామిది. పెళ్లి సంబంధాన్ని గుర్తించమని కోరే ఐ-130 అనే అర్జీని ఆ భాగస్వామి యూఎస్‌సీఐఎస్ అనే వలస సేవల సంస్థకు సమర్పించాలి; 2024 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన రుసుముల ప్రకారం ఆన్‌లైన్‌లో అయితే 625 డాలర్లు, కాగితంపై అయితే 675 డాలర్లు. అర్జీదారు పౌరులైతే వీసాల సంఖ్యకు పరిమితి లేదు. గ్రీన్‌కార్డుదారులైతే ఎఫ్2ఏ అనే వర్గం వర్తిస్తుంది. దానికి ఏటా పరిమితి ఉన్నందున, అర్జీ అందిన తేదీని బట్టి వరుసలో వేచి ఉండి, నెలనెలా వెలువడే వీసా బులెటిన్‌ను గమనించుకోవాలి. ఈలోగా అర్జీదారుకు పౌరసత్వం వస్తే ఆ నిరీక్షణ తొలగిపోతుంది. అర్జీ ఆమోదం పొందాక దస్త్రం జాతీయ వీసా కేంద్రానికి చేరుతుంది, అక్కడ డీఎస్-260 అనే దరఖాస్తును నింపి, పత్రాల నకళ్లను జతచేసి, ఐ-864 అనే పోషణ హామీపత్రాన్ని సమర్పించాలి. వచ్చే మనిషి ప్రభుత్వ సాయంపై ఆధారపడకుండా చూసుకుంటామని అర్జీదారు ఇచ్చే చట్టబద్ధమైన మాట అది. సాధారణంగా పేదరిక ప్రమాణంలో 125 శాతం ఆదాయం చూపాలి, ఇద్దరున్న కుటుంబానికి 2025 లెక్క ప్రకారం అది సుమారు 26,437 డాలర్లు.

పెళ్లి రుజువు దగ్గర, పర్ణశాల వంటి ఊళ్లున్న ఏజెన్సీ అనే గిరిజన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. గుడిలో జరిగిన పెళ్లికి గుడివారు ఇచ్చే రసీదు గానీ, శుభలేఖ గానీ, ఆల్బమ్ గానీ పెళ్లి నిజమని చెప్పడానికి తోడ్పడతాయే తప్ప ధ్రువపత్రం కాజాలవు. హిందువులైతే 1955 నాటి హిందూ వివాహ చట్టం కింద సబ్‌రిజిస్ట్రార్ వద్ద నమోదు చేయించుకోవచ్చు. కానీ ఆ చట్టంలోని రెండో సెక్షన్, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, షెడ్యూల్డ్ తెగలవారికి అది వర్తించదని చెబుతుంది. అందువల్ల ఆచారం ప్రకారం పెళ్లాడిన కోయ తెగ దంపతులు, పెళ్లి ఎంత చెల్లుబాటైనదైనా, ఆ చట్టాన్ని నమ్ముకుని కూర్చోకూడదు. మతంతో నిమిత్తం లేకుండా అన్ని పెళ్లిళ్లనూ నమోదు చేయించాలనే 2002 నాటి నిర్బంధ వివాహ నమోదు చట్టం గానీ, ఇదివరకే జరిగిన పెళ్లిని నమోదు చేసే వీలున్న 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం గానీ వారికి దారి చూపుతాయి. రెండో దానిలో 30 రోజుల నోటీసు గడువు ఉంటుంది, కనుక అమెరికా నుంచి మూడు వారాల సెలవుపై వచ్చినవారు ఆ లెక్క పెళ్లికి ముందే వేసుకోవాలి. ముహూర్తానికి పంచాంగం చూసినంత శ్రద్ధగా ఈ గడువునూ చూడడం మంచిది.

పుట్టుక పత్రం మరింత ఓపిక కోరుతుంది. ఇంట్లో పురుడు పోసుకున్న రోజుల్లో పంచాయతీలో నమోదు జరగకపోవడం అరుదు కాదు. ఏడాది దాటిన నమోదుకు ఆర్డీవో ఉత్తర్వు అవసరమవుతుంది. అది కుదరకపోతే, రికార్డు లేదని స్థానిక అధికారి ఇచ్చే పత్రంతోపాటు తల్లిదండ్రుల లేదా దగ్గరి బంధువుల ప్రమాణపత్రాలు, పదో తరగతి మెమో వంటివి జతచేస్తారు. జిల్లా పేరు కూడా తికమక పెడుతుంది. పర్ణశాల ఉన్న భద్రాచలం ప్రాంతం 1959 వరకు తూర్పు గోదావరిలో, ఆ తరువాత ఖమ్మంలో ఉండి, 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలోకి వచ్చింది. 2014లో చింతూరు, కూనవరం వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. పాస్‌పోర్టులో ఖమ్మం, ధ్రువపత్రంలో భద్రాద్రి కొత్తగూడెం అని ఉండడం తప్పు కాదు, అయితే దానికి కారణం తెలిపే చిన్న వివరణను సిద్ధంగా ఉంచుకోవాలి.

పేరు విషయంలో ఏమరుపాటు పనికిరాదు. బడి రికార్డులో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా, పాస్‌పోర్టులో అసలే లేకుండా ఉంటే ఒకే మనిషి ముగ్గురిగా కనిపిస్తారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికన్ వీసాలో అసలు పేరు ఇంటిపేరు స్థానంలోకి వెళ్లి, మొదటి పేరు స్థానంలో తెలియదనే అర్థమిచ్చే ఎఫ్‌ఎన్‌యూ అనే అక్షరాలు పడతాయి. అవే తరువాత బ్యాంకులోనూ డ్రైవింగ్ లైసెన్సులోనూ వెంటాడతాయి. ఆ గడిని దరఖాస్తుకు ముందే సరిచేయించుకోవాలి. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలని ఏ నిబంధనా లేదు, క్రమం మధ్యలో మార్చడం కొత్త చిక్కును కొనితెచ్చుకోవడమే.

పాస్‌పోర్ట్ సేవ ద్వారా తీసుకునే పోలీసు ధ్రువపత్రం, గుర్తింపు పొందిన వైద్యుల వద్ద జరిగే ఆరోగ్య పరీక్ష, టీకాల రికార్డు మిగిలిన అవసరాలు. భద్రాచలం వద్ద గోదావరి 1986లో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరిన సంగతి తెలిసినవారికి, అసలు పత్రాలను ఎత్తైన చోట ఉంచి స్కాన్ ప్రతులను వేరుగా దాచమని ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

ఇంటర్వ్యూలో అధికారి తేల్చుకోవాలనుకునేది పెళ్లి వీసా కోసం జరిగిందా, కాపురం కోసం జరిగిందా అన్నదే. పెద్దలు కుదిర్చిన సంబంధమని దాచవలసిన పని లేదు. కుదిర్చిన తీరు, నిశ్చితార్థం, ఫోను సంభాషణలు, రాకపోకల టికెట్లు ఒకదానితో ఒకటి పొసగితే చాలు. ఏదైనా పత్రం తక్కువైతే 221(జి) సెక్షన్ కింద తాత్కాలికంగా ఆపుతారు, దాన్ని ఏడాదిలోగా పూరించవచ్చు.

వీసా అందాక ప్రయాణానికి ముందే 235 డాలర్ల వలస రుసుము ఆన్‌లైన్‌లో చెల్లించడం మేలు, ఎందుకంటే అది చెల్లించనిదే గ్రీన్‌కార్డు రాదు. కార్డు వచ్చేదాకా విమానాశ్రయంలో ముద్రపడిన వీసాయే ఏడాదిపాటు దానికి బదులుగా చెల్లుతుంది. చిరునామా మారితే పది రోజుల్లో తెలపాలి. దేశంలోకి ప్రవేశించేనాటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే వచ్చేది రెండేళ్ల షరతుల కార్డు. ఆ షరతులను తొలగించమని కోరే ఐ-751ను, కార్డు గడువు ముగియడానికి ముందున్న 90 రోజుల్లో, భార్యాభర్తలిద్దరూ సంతకం చేసి దాఖలు చేయాలి. దానికి రుజువులుగా ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఇద్దరి పేరా ఉన్న ఇంటి అద్దె ఒప్పందం, కలిపి వేసిన పన్ను రిటర్న్ అవసరమవుతాయి కనుక వాటిని కాపురం మొదలైన నెల నుంచే పోగుచేసుకోవాలి.